పాత బండి డిక్కీలో నీళ్లు, తుప్పు: నాలుగు నెలల తర్వాత ఏది నిలబడింది?

అందరికీ నమస్కారం. ముందు ఈ చప్పుడు ఒక్కసారి వినండి. గలగలమంటోంది కదా? అది పెట్రోల్ ట్యాంకు చప్పుడు కాదు. డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంటలో నీళ్లు. జులైలో ఒక రాత్రంతా వాన పడింది. తెల్లారి బండి తీసి, మా విశాఖలో ఎంవీపీ కాలనీ మలుపు తిప్పగానే వెనక నుంచి ఈ గలగల మొదలైంది. ఎడమకి తిప్పితే కుడికి పారుతోంది, బ్రేకు వేస్తే ముందుకొచ్చి సీటుకి కొట్టుకుంటోంది. అప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకున్నది ఇదే.

ఇది 2003 మోడల్ పెట్రోల్ సెడాన్. మా నాన్నగారు కొన్నది. 2018లో పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాం, 2023లో మళ్లీ చేయించాం. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇరవై ఏళ్లు దాటిన ఏ బండికైనా వచ్చేదే ఇది. ఈ వీడియోలో కొత్త వస్తువు ఒకటి తెచ్చి, పెట్టె విప్పి చూపించి, బాగుందని చెప్పడం ఉండదు. నేను డబ్బులు పోసిన వస్తువులు ఐదారు ఉన్నాయి. నాలుగు నెలలు, ఒక వానాకాలం దాటాక వాటిలో ఏది నిలబడింది, ఏది దండగైంది, అదే చెప్తాను.

ముందు ఆ రోజు డిక్కీ తీస్తే ఏం కనబడిందో చూడండి. పైన మ్యాట్ పొడిగానే ఉంది. అందుకే అన్నాళ్లు నాకు అనుమానం రాలేదు. మ్యాట్ ఎత్తితే కింద గుడ్డముక్కలు అతికించినట్టుండే మందపాటి ఫెల్ట్ ఉంటుంది చూశారా, అది పిండితే నీళ్లు కారుతున్నాయి. స్టెప్నీ తీస్తే కింద నాలుగు వేళ్ల లోతు నీళ్లు, అందులో దోమపిల్లలు ఈదుతున్నాయి. ఇంటి చుట్టూ కుండీల్లో నీళ్లు నిలవకుండా రోజూ చూసుకునే నేను, దోమల్ని డిక్కీలో పెంచుతున్నానన్నమాట. ఇదిగో, ఈ మచ్చ చూడండి. ఇక్కడ వీల్ స్పానర్ పడి ఉండేది. తీస్తే కింద రేకు మీద అచ్చం స్పానర్ ఆకారంలోనే తుప్పు. పిడి, మెడ, తల, అన్నీ అచ్చు గుద్దినట్టు.

ఇక్కడ నేను చేసిన మొదటి తప్పు. నీళ్లు వస్తున్నాయంటే బీడింగే పోయుంటుందని ఆటోనగర్ వెళ్లి కొత్త రబ్బరు బీడింగ్ కొనుక్కొచ్చి వేశాను. డిక్కీ చుట్టూ గుండ్రంగా వస్తుందే, అది. అందరూ ముందు చేసేది అదే. తర్వాతి వానకి మళ్లీ గలగల. పాత బీడింగ్ నిజానికి బాగానే ఉంది. అది తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఒక కాగితం ముక్క బీడింగ్ మీద పెట్టి డిక్కీ మూసి లాగండి. బిగువుగా వస్తే బీడింగ్ పట్టు ఉన్నట్టు. జారిపోయి వచ్చేస్తే అక్కడ నొక్కుకోవడం లేదని అర్థం. చుట్టూ జానెడు జానెడు దూరంలో ఇలా చూసుకుంటూ పోవాలి. నేను ఈ పని బీడింగ్ కొన్నాక చేశాను. కాబట్టి బీడింగ్‌కి నా రివ్యూ ఏంటంటే, సరుకు మంచిదే, నాకు అవసరం లేదు.

అసలు సంగతి, నీళ్లు నిలిచిన చోటు ఒకటి, దూరిన చోటు ఇంకొకటి. స్టెప్నీ గుంట డిక్కీలో అన్నిటికంటే పల్లం. ఎక్కడ దూరినా రేకు లోపలి వైపు పట్టుకుని జారుతూ వచ్చి చివరికి అక్కడే చేరుతుంది. దూరే చోట్లు మామూలుగా ఇవి: టెయిల్ లైట్ల వెనక వాషర్, వెనక అద్దం అంచు, డిక్కీ మూత కింద ఉండే కాలవలో రేకుల అతుకు, మూత కీలు దగ్గర, యాంటెన్నా ఉంటే దాని మొదట్లో రబ్బరు. ఇంకొకటి చాలామందికి తెలియదు. వెనక బంపర్ లోపల రెండు పక్కలా ప్లాస్టిక్ జాలీలు ఉంటాయి, చాలా బండ్లకి. క్యాబిన్‌లో గాలి బయటికి పోవడానికి పెట్టినవి. వాటి రెక్కలు విరిగినా, చుట్టూ ఫోమ్ పోయినా టైరు చిమ్మే నీళ్లు అందులోంచి వస్తాయి.

పట్టుకోవడం ఎలా? వెనక సీటు వీపు భాగం విప్పేయండి. డిక్కీలో మ్యాట్లు, పక్కన అట్టలు అన్నీ తీసి, రేకు తుడిచి బాగా ఆరనిచ్చి, దాని మీద ముఖానికి రాసుకునే పౌడర్ చల్లండి. తర్వాత బయట నుంచి మామూలు గార్డెన్ పైపుతో నీళ్లు. ప్రెషర్ వాషర్ వాడకండి, దాని దెబ్బకి మంచి వాషర్లోంచి కూడా నీళ్లు దూరుతాయి. లేని లీకేజీ ఉన్నట్టు కనబడుతుంది. కింద నుంచి మొదలుపెట్టి పైకి రండి. ముందు బంపర్ దగ్గర ఐదు నిమిషాలు, తర్వాత లైట్ల దగ్గర, ఆఖరికి అద్దం. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదుగా కారి ఏది ఎక్కడ దూరిందో తెలిసి చావదు.

నేను మా మేనల్లుణ్ని టార్చి ఇచ్చి డిక్కీలో కూర్చోబెట్టాను. వాడికి పదహారేళ్లు, సన్నగా ఉంటాడు, ఇలాంటి పనికి పుట్టినట్టుంటాడు. కానీ జాగ్రత్త, పాత బండ్లకి డిక్కీ లోపలి నుంచి తీసుకునే ఏర్పాటు ఉండదు. సీటు వీపు విప్పి, మనిషి క్యాబిన్‌లోకి వచ్చే దారి ఉంచుకునే మూత వేయాలి. తాళం బయట ఉన్నవాడి చేతిలోనే ఉండాలి. "మావయ్యా, ఎడమ లైటు వెనక నుంచి వస్తోంది!" అని వాడు అరిచాడు. పౌడర్ మీద గీత చూడండి, ఇదిగో ఫోటో. లైటు బోల్టు దగ్గర మొదలై, పక్క రేకు మడత వెంట దిగి, చక్రం మీది బొడిపె చుట్టూ తిరిగి నేరుగా గుంటలోకి.

ఆ లైటు విప్పితే ఇంకో భాగోతం. రెండేళ్ల కింద చిన్న గుద్దుడు తగిలితే ఒక షెడ్‌లో పెయింట్ వేయించాను. వాళ్లు లైటు తీసి పెట్టేటప్పుడు పాత ఫోమ్ వాషర్ చిరిగినట్టుంది. కొత్తది వేయకుండా బయట నుంచి అంచు చుట్టూ సిలికాన్ పూసి పంపించారు. చూడ్డానికి నీటుగానే ఉంది. ఏమైందంటే పైన సిలికాన్ ఒకచోట ఊడి నీళ్లు లోపలికి పోతున్నాయి, కింద అంచున గట్టిగా అతుక్కుని ఉంది కాబట్టి బయటికి పోవడం లేదు. నీళ్లకి మిగిలింది బోల్టు రంధ్రం. అక్కడి రేకు పెంకులుగా లేస్తోంది, గోటితో గీరితే రాలింది.

కాబట్టి సిలికాన్ గురించి నా మాట: బాత్రూమ్‌లో వాడేది, వెనిగర్ లాంటి ఘాటు వాసన వచ్చేది, దాన్ని బండి రేకు దగ్గరికి రానివ్వకండి. ఆ వాసన ఎసిటిక్ యాసిడ్‌ది. ఆరేటప్పుడు బయటికొచ్చి ఇనుముకి తుప్పు పెంచుతుంది. పైగా సిలికాన్ మరకలు ఉన్న చోట పెయింట్ పట్టదు. నేను వాడింది బ్యూటైల్ టేపు, అంటే రబ్బరు లాంటి జిగురు పట్టీ. నల్లగా, తాటి బెల్లం పాకంలా సాగుతుంది. చేతికి అంటితే కిరోసిన్ పెడితే తప్ప వదల్లేదు. కానీ అది గట్టిపడదు, ఎండకి రేకు సాగినా కుంచించుకున్నా దాంతోపాటే కదులుతుంది. మళ్లీ లైటు విప్పాల్సి వస్తే ఊడి వస్తుంది. బోల్టుల చుట్టూ కూడా చిన్న ఉంగరంలా చుట్టి బిగించాను. నేను కొన్నవాటిలో నూటికి నూరు మార్కులు దీనికే.

రెండో లీకు మూత కింద కాలవలో దొరికింది. వాననీళ్లు పారడానికి ఉండేదే ఆ కాలవ. అక్కడ రెండు రేకులు కలిసే చోట కంపెనీ వేసిన సీలర్ ఇరవై ఏళ్లకి ఎండిపోయి వెంట్రుకంత పగులు ఇచ్చింది. వేలితో తడిమితే కూడా తెలియలేదు. బ్లేడుతో పాత సీలర్ గీకి, థిన్నర్‌తో తుడిచి, ప్రైమర్ వేసి, పీయూ (పాలీయురేథేన్) సీమ్ సీలర్, అంటే రేకుల అతుకుల్ని మూసే ముద్ద, గన్నుతో పట్టించి వేలితో సాపు చేశాను. దీని మీద పెయింట్ పడుతుంది, అది పెద్ద సుఖం. ఒక్కటే చిక్కు: ట్యూబ్ ఒకసారి తెరిస్తే మిగతాది కొన్నాళ్లకి లోపలే రాయి అయిపోతుంది. నాది సగం అలాగే పోయింది. తెరిచిన రోజే చేయాల్సిన పనులన్నీ చేసేసుకోండి.

ఇప్పుడు తుప్పు. మా ఊరి వాళ్లకి ఈ బాధ రెట్టింపు. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లుతుంది కదా, అదే ఇక్కడా జరుగుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తనే నీళ్లు లాక్కుంటుంది. సముద్రం గాలికి రేకు మడతల్లో చేరిన ఉప్పు వాన లేని రోజు కూడా రేకుని తడిగా ఉంచుతుంది. అందుకే గీకే ముందు మంచినీళ్లతో కడిగి ఉప్పు వదలగొట్టి, పూర్తిగా ఆరబెట్టాలి. నేను ఒక రోజంతా టేబుల్ ఫ్యాన్ డిక్కీలో పెట్టి వదిలేశాను. పక్కింటాయన వచ్చి, బండికి ఉక్కపోస్తోందా అని అడిగారు.

గుంట అడుగున ఎవరో ఎప్పుడో నల్ల తారు కోటింగ్ తుప్పు మీదే పూసేశారు. పైకి నున్నగా ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో తడితే మంచి రేకు టంగుమంటుంది, అక్కడ మాత్రం అట్టముక్కలా మొద్దుగా పలికింది. మొనతో నొక్కితే దిగిపోయింది. గీకగా గీకగా రూపాయి బిళ్లంత రంధ్రాలు మూడు తేలాయి. పాత బండి కొనబోయేవాళ్లు దయచేసి స్టెప్నీ ఎత్తి ఈ పని చేసి చూడండి. కొత్తగా నల్లరంగు పూసి ఉంటే ఇంకా గట్టిగా చూడండి.

రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పు మీద పూసే మందు, దాని గురించి చాలా గొప్పగా వింటుంటాం. నేను వాడింది టానిక్ యాసిడ్ రకం. పూయగానే ఎర్ర తుప్పు ఊదాగా, తర్వాత నల్లగా మారుతుంది. చూస్తుంటే సరదాగా ఉంటుంది, అది నిజం. కానీ అది పలచటి తుప్పు మీద, రేకు మీద సన్నటి గుంటలు పడ్డ చోట పనిచేసే మందు. పెంకుల్లా లేచిన తుప్పు మీద పూస్తే పై పొర నల్లబడుతుంది, కింద తుప్పు తన పని తను చేసుకుపోతుంది. నేను ఒక మూల బద్ధకించి సరిగా గీకలేదు. ఇదిగో, సెప్టెంబరుకే పెయింట్ పొక్కు లేచింది. వైర్ బ్రష్‌తో బాగా రుద్దిన చోట మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు. దాని మీద నేను రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేశాను. కిటికీ గ్రిల్‌కి వేసే రెడ్ ఆక్సైడ్ వేసి వదిలేయకండి, అది ఒక్కటే నీళ్లని ఆపలేదు.

రంధ్రాలకి రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేయించాను. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. నా బండికి పెట్రోల్ ట్యాంకు వెనక సీటు కింద ఉంటుంది, గుంటకి మూరెడు దూరం. వెల్డింగ్ చేసే అతను "తడిగుడ్డ కప్పుదాం సార్, ఏం కాదు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ట్యాంకు దింపించాను, బ్యాటరీ నెగటివ్ తీయించాను. అరపూట ఆలస్యమైంది, మజూరీ పెరిగింది. పర్లేదు. గుంట అడుగు కాకుండా ఛాసిస్ పట్టీ, షాక్ అబ్జార్బర్ పై భాగం బిగించే టవర్, సీటు బెల్టు బోల్టు, ఈ మూడు చోట్ల రంధ్రం కనబడితే ఇంట్లో పుట్టీ పెట్టి కప్పే ఆలోచన చేయకండి. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్నవాళ్లు మరీ ముఖ్యం. మూడేళ్లకోసారి హైడ్రో టెస్టుకి (నీళ్ల ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం చూసే పరీక్షకి) సిలిండర్ ఎలాగూ దింపుతారు, అప్పుడే దాని స్టాండు బిగించిన రేకు ఎలా ఉందో చూసుకోండి.

గుంట అడుగున రబ్బరు మూత ఉంటుంది. అది తీసేస్తే నీళ్లు వాటంతట అవే పోతాయిగా అని మా బావగారు సలహా ఇచ్చారు. ఒక రాత్రి గడవడానికి సరే. అలాగే వదిలేస్తే కింద నుంచి టైరు చిమ్మే నీళ్లు, సైలెన్సర్ పొగ రెండూ లోపలికొస్తాయి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. కొత్త రబ్బరు వేసి మూశాను. ఫెల్ట్ పారేశాను, మళ్లీ వేయలేదు. చప్పుడు కొంచెం పెరిగింది, కానీ తడి ఉంటే వెంటనే కనబడుతుంది.

సరే, ఇప్పుడు నవంబరు. అక్టోబరు తుపాను వానలన్నీ ఈ బండి ఆరుబయటే తడిసింది. మీ ముందే తీస్తున్నాను. స్టెప్నీ కింద వారం కిందట టిష్యూ కాగితాలు పరిచాను. ఇవిగో, పొడిగా ఉన్నాయి. వెల్డింగ్ అతుకు బాగుంది. ఎడమ పక్క పౌడర్ మీద గీత లేదు. కుడి పక్క... ఆగండి, టార్చి ఇటు పట్టరా. కుడి లైటు బోల్టు కింద చిన్న చెమ్మ ఉంది, వేలికి అంటుతోంది. ఆ లైటు నేను విప్పలేదు, అటు వైపు బాగానే ఉందనుకున్నాను. బ్యూటైల్ టేపు ఇంకా మూరెడు మిగిలింది. ఆదివారం విప్పుతాను.