సైజు దొరకని జీన్స్ నుంచి పుట్టిన గ్యాప్

యాంకర్: నమస్కారం. ఈ వారం అమెరికా బట్టల షాపు గ్యాప్ గురించి మాట్లాడుకుందాం. విజయవాడలో రెడీమేడ్ షాపు నడుపుతున్న వ్యాపారి, ఫ్యాషన్ కోర్సు చెప్పే అధ్యాపకురాలు మనతో ఉన్నారు. మేడమ్, ఇదంతా ఎలా మొదలైంది?

అధ్యాపకురాలు: 1969లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో. డొనాల్డ్ ఫిషర్ రియల్ ఎస్టేట్ మనిషి, బట్టల వ్యాపారం తెలియదు. కొనుక్కున్న లీవైస్ జీన్స్ సరిపోలేదు, మార్చుకుందామంటే ఆయన సైజు దొరకలేదు. అన్ని సైజులూ ఒకేచోట దొరికే షాపు మనమే పెడితే పోలా అనుకుని, భార్య డోరిస్‌తో కలిసి ఓషన్ అవెన్యూలో తెరిచారు.

వ్యాపారి: ఈ మాట వింటే మా కౌంటరే గుర్తొస్తుందండీ. నడుము 34 ఉంటుంది, పొడవు 30 ఉండదు. కింద మడిచి కుట్టిస్తామని పక్క టైలర్ దగ్గరకు పంపుతాం. కుర్రాడు తొడుక్కుని అద్దంలో చూసుకుంటాడు. కంపెనీ కుట్టిన అంచు పోయి, అక్కడ కొత్త దారం మెరుస్తుంటుంది. మొహం చిన్నబుచ్చుకుంటాడు. అలాగని అన్ని సైజులూ పెడితే డబ్బంతా అరల్లోనే కూర్చుంటుంది. ఫిషర్ దానికి తెగించారు. గ్యాప్ గొప్పతనం అదేనంటాను.

యాంకర్: పేరు కూడా కుర్రకారు కోసమే కదా?

అధ్యాపకురాలు: అవును, డోరిస్ పెట్టారు. జనరేషన్ గ్యాప్, అంటే పెద్దలకూ కుర్రకారుకూ మధ్య దూరం, అన్న మాట అప్పట్లో అందరి నోటా ఉండేది. మొదట్లో జీన్స్‌తో పాటు పాటల రికార్డులు, టేపులు కూడా అమ్మేవారు. పాటల కోసం వచ్చినవాళ్లు ప్యాంటు కొంటారని ఆశ. జనం రికార్డులు చూసుకుని వెళ్లిపోయేవారు. చివరికి బట్టలే మిగిలాయి.

వ్యాపారి: 1974లో సొంత బ్రాండు తెచ్చారు చూడండి, అసలు మలుపు అది. వేరేవాళ్ల సరుకు అమ్మితే పక్క షాపు ధర తగ్గించినప్పుడల్లా మనమూ తగ్గించాలి. 1991లో లీవైస్ అమ్మడమే మానేశారు.

అధ్యాపకురాలు: మిక్కీ డ్రెక్స్‌లర్ 1983లో గ్యాప్ ప్రెసిడెంట్‌గా వచ్చాక సాదా టీషర్టు, ఖాకీ ప్యాంటు గ్యాప్ గుర్తులయ్యాయి. అదే ఏడు బనానా రిపబ్లిక్ అనే ఇంకో బట్టల కంపెనీ కొన్నారు, 1986లో పిల్లల కోసం గ్యాప్‌కిడ్స్, 1994లో ఓల్డ్ నేవీ షాపులు పెట్టారు. ఓల్డ్ నేవీ చౌక, బనానా రిపబ్లిక్ ఖరీదు. మధ్యలో గ్యాప్ ఎవరిది? అమ్మానాన్నలు కొనుక్కునే షాపుకు టీనేజ్ పిల్ల ఎందుకు వెళ్తుంది? నాకు అదే బాధ.

వ్యాపారి: అక్కడ మీతో ఒప్పుకోనండీ. 2010లో లోగో మార్చితే జనం ఎంత గోల చేశారు! వారం తిరక్కుండా పాత నీలి చదరమే తెచ్చారు. అంత మమకారం ఉన్న గిరాకీని వదిలి కొత్త ఫ్యాషన్ల వెంట పరుగెత్తడమే తప్పు.

యాంకర్: 2015లో మన దేశానికీ వచ్చింది, 2022 నుంచి రిలయన్స్ రిటైల్‌తో ఉంది. మీరు దాని నుంచి ఏం తీసుకుంటారు?

వ్యాపారి: ఈ దసరాకి ఒక్క మోడల్‌కైనా అన్ని పొడవులూ తెప్పిస్తాను. డబ్బు ఇరుక్కుంటుందని మా అబ్బాయికి టెన్షన్.

అధ్యాపకురాలు: ఏ మోడల్?

వ్యాపారి: ముదురు నీలం, స్ట్రెయిట్ ఫిట్. 30, 32, 34 మూడూ.