వుప్పర్ నది మీద వేలాడే రైలు

నమస్కారమండీ. ఇవాళ జర్మనీలో వుప్పర్‌టాల్ అనే ఊరి గురించి చెప్తా, టైం తక్కువుంది కాబట్టి రాజుల్నీ యుద్ధాల్నీ పక్కనపెట్టి సూటిగా నీళ్ల దగ్గరికే వచ్చేస్తా.

డ్యూసెల్డార్ఫ్‌కి తూర్పున సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే వుప్పర్ అని ఓ చిన్న నది, అటూ ఇటూ కొండలు, మధ్యలో సన్నగా పొడుగ్గా లోయ. ఆ నీళ్లలో సున్నం తక్కువ, నూలు తెల్లగా చలవ చెయ్యాలంటే అలాంటి నీళ్లే కావాలి. తడపడం, ఒడ్డున పచ్చిక మీద ఆరెయ్యడం, మళ్లీ తడపడం, ఇదే పని. 1527లో అక్కడి డ్యూక్ ఈ పని మీద హక్కంతా ఎల్బర్‌ఫెల్ట్, బార్మెన్ అనే రెండు ఊళ్లకే రాసిచ్చేశాడు, ఇప్పుడా రెండూ వుప్పర్‌టాల్‌లో భాగాలే. ఇంక చూస్కోండి, చలవ తర్వాత నేత, నేత తర్వాత రంగులు, రంగుల తర్వాత మందులు. బేయర్ కంపెనీ 1863లో బార్మెన్‌లో పుట్టింది రంగుల కోసమే, ఆస్పిరిన్ మాత్రం 1897లో ఎల్బర్‌ఫెల్ట్‌లోని వాళ్ల ల్యాబ్‌లో తయారైంది. మార్క్స్ స్నేహితుడు ఏంగెల్స్ కూడా బార్మెన్ మిల్లు ఓనర్ గారబ్బాయే, చిన్నప్పట్నుంచీ ఆ కూలీల బతుకులు కళ్లారా చూశాడు కాబట్టే అలా తయారయ్యాడని నాకనిపిస్తుంది.

మిల్లులొచ్చాయి, జనమొచ్చారు, లోయ మాత్రం వెడల్పవదు కదా! కొండల మీదకి ఇళ్లెక్కాయి, ఇళ్ల మధ్య రోడ్లకి బదులు మెట్లొచ్చాయి. మరి రైలు ఎక్కడ వెయ్యాలి? నేల మీద చోటు లేదు, కింద తవ్వుదామంటే రాయి, నీళ్లు. ఇక ఖాళీగా ఉన్నది ఒక్కటే, నది మీద గాలి. కొలోన్‌కి చెందిన ఓయిగెన్ లాంగెన్ అనే ఆయన, పట్టా పైన, పెట్టె కింద వేలాడేలా రైలు డిజైన్ చేశాడు, పాపం 1895లోనే పోయాడు, తన రైలు ఈ నది మీద నడవడం చూడలేదు. 1901 మార్చిలో అది మొదలైంది. మొత్తం 13.3 కిలోమీటర్లు, అందులో దాదాపు 10 నది మీదే. ఇప్పటికీ జనం రోజూ ఆఫీసులకీ స్కూళ్లకీ అందులోనే వెళ్తారు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ముచ్చట. 1950 జులై 21న ఆల్ట్‌హోఫ్ సర్కస్ వాళ్లు పబ్లిసిటీ కోసం టుఫీ అనే పిల్ల ఏనుగుని ఈ రైలెక్కించారు, అవును, ఏనుగునే! పెట్టె నిండా విలేకర్లు, ఫొటోగ్రాఫర్లు. రైలు కదిలింది, ఊగింది, టుఫీ బెదిరిపోయి ఘీంకరించింది, అటూ ఇటూ తిరిగి సీట్లు విరగ్గొట్టి ఓ పక్క బద్దలు కొట్టుకుని సుమారు 10 మీటర్ల ఎత్తునుంచి నదిలోకి దూకేసింది. లోపల మనుషులు ఒకళ్ల మీద ఒకళ్లు పడి దెబ్బలు తగిలించుకున్నారు, ఏనుగుకి మాత్రం చిన్న గీతలు! పెద్ద లోతు లేదు, అడుగున బురద, అదే కాపాడింది. సర్కస్ ఓనర్‌కి, అనుమతిచ్చిన ఆఫీసర్‌కి జరిమానా పడింది. టుఫీ మాత్రం 1989 దాకా బతికింది. అన్నట్టు, గాల్లో పడుతున్న ఏనుగు ఫొటో ఒకటి తిరుగుతుంటుంది చూడండి, అది అతికించిన బొమ్మ, పెట్టెలో అంతమంది ఫొటోగ్రాఫర్లున్నా ఆ దూకడం ఎవరికీ దొరకలేదు!

ఇలాంటిదాన్ని సరదాగానే చెప్పుకుంటాం గానీ 1999లో రిపేరు తర్వాత పట్టా మీద మర్చిపోయిన ఇనుప ముక్క తగిలి రైలు నదిలో పడి అయిదుగురు పోయారు, అది కూడా ఈ లైను చరిత్రే.

జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలెవరైనా వింటుంటే ఒక్కమాట. డాయిచ్‌లాండ్ టికెట్ (అక్కడి నెలవారీ పాస్) ఉందా, వేరే టికెట్ అక్కర్లేదు. లైనుకి ఓ చివరనున్న ఫోవింకెల్ స్టేషన్లో ఎక్కండి, డ్రైవర్ ముందుంటాడు కాబట్టి వెనక కిటికీ దగ్గర సీటు పట్టండి, మొదట రోడ్డు మీదగా, ఇళ్ల కిటికీల పక్కనుంచి వెళ్లి తర్వాత నది మీదకొస్తుంది. మధ్యలో దిగిపోకండి, రెండో చివరనున్న ఓబర్‌బార్మెన్ దాకా అరగంటే.