బడి పక్కన ఇల్లు, ఇంటి పక్కన వడ్రంగం

శ్రోతలకు నమస్కారం.

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశంలో గాండో అనే పల్లె ఉంది. ఆ ఊరి పెద్ద ఇంట్లో 1965లో డియెబెడో ఫ్రాన్సిస్ కేరే పుట్టేనాటికి అక్కడ బడి లేదు. ఏడేళ్ళ వయసులోనే చదువు కోసం ఇల్లు విడిచి తెంకోడోగో పట్టణానికి వెళ్ళిన ఆయన, 1985లో వడ్రంగం నేర్చుకోవడానికి ఉపకారవేతనం మీద జర్మనీ చేరి, తరువాత బెర్లిన్‌లో వాస్తుశిల్పం చదివారు. చదువు ముగియకముందే మిత్రుల సాయంతో చందాలు పోగుచేసి, 2001లో సొంత ఊళ్ళో ప్రాథమిక పాఠశాల కట్టించారు. వాస్తుశిల్పులకు ఇచ్చే అత్యున్నత పురస్కారంగా పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమతిని 2022లో అందుకున్న తొలి ఆఫ్రికా వాస్తుశిల్పి ఆయనే. ఈ పూట నేను చెప్పదలచినది ఆ బహుమతి సంగతి కాదు. బడి తరువాత ఆయన కట్టించిన ఉపాధ్యాయుల ఇళ్ళ గురించి, ఆ ఊరి కట్టుబడుల్లో ఊరివాళ్ళు నేర్చుకున్న పనుల గురించి.

బడి కట్టగానే చదువు రాదు. కరెంటు, అంగడి, ఆసుపత్రి దూరంగా ఉన్న ఊరికి కుటుంబంతో వచ్చి కాపురం పెట్టమంటే, ముందుగా ఉపాధ్యాయుడు అడిగేది ఇల్లు. అందుకే 2004లో గాండో బడికి దక్షిణంగా ఆరు ఇళ్ళు విల్లు వంపున వరుసగా లేచాయి. గోడలకు వాడింది ఆ నేల మట్టే. గోడ మందం 40 సెంటీమీటర్లు, అంటే మూరకు కాస్త తక్కువ. అంత మందం ఉండబట్టి పగటి ఎండ లోపలికి చేరేసరికి పొద్దు వాలుతుంది. పైకప్పులు కమానుల్లా వంగి, ఒకటి ఎత్తుగా, పక్కది కొంచెం తగ్గుగా ఉంటాయి. ఆ రెంటి నడుమ నెలవంక ఆకారంలో మిగిలిన సందు గుండా వెలుగూ గాలీ లోనికి వస్తాయి. ఖర్చు పెట్టి తెచ్చిన యంత్రమేదీ ఇందులో లేదు.

బడి కట్టేటప్పుడు కప్పు కింది ఇనుప చట్రాలను మామూలు కడ్డీలతోనే చేశారు. పెద్ద క్రేను వచ్చే దారి లేదు కనుక, చేతి రంపంతో కడ్డీ కోయడం, చిన్న వెల్డింగు యంత్రంతో అతకడం ఊరి యువకులకే నేర్పారు. ఇలా పని నేర్చినవారిలో కొందరికి తరువాత వేరే కట్టడాల మీద కూలి దొరికింది. కట్టుబడి సాగిస్తూనే పని నేర్పవచ్చుననడానికి నాకు ఇంతకంటె మంచి ఉదాహరణ కనబడదు.

మన దగ్గర ఈ రెండు విషయాలూ కాగితం మీద ఉన్నాయి. పల్లె బడుల్లో పనిచేసేవారికి బడి ఆవరణలో గాని, దగ్గరలో గాని నివాసం కల్పించాలని, లేదా ఇంటి భత్యం పెంచాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లలు పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల వద్ద పని చూసి నేర్చుకోవాలనీ అదే పత్రం చెప్పింది. ఒకటి ఉపాధ్యాయుల అధ్యాయంలో ఉంది, మరొకటి పాఠ్యప్రణాళిక అధ్యాయంలో ఉంది. రెండింటినీ ఒకే ఆవరణలోకి తేవాలన్నది నా మనవి. భత్యం పెంచితే ఉపాధ్యాయుడు పట్టణంలోనే మరికొంత మంచి ఇంట్లో ఉండి, పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్ళవచ్చు. ఆ తప్పు ఆయనది కాదు. ఇల్లు కడితేనే ఊళ్ళో ఉంటారు.

ఆ ఇంటికి ఎన్ని కర్ర పనులు కావాలో ఆలోచించండి. ద్వారబంధాలు, కిటికీ రెక్కలు, అలమరలు, వంటింటి గూళ్ళు. ఒక్క కిటికీ చట్రమే తీసుకుందాం. బద్ద కొలిచి గీత పెట్టాలి, గీతకు ఇవతలే రంపం ఆడాలి, చిత్రిక పట్టి నునుపు చేయాలి, ఉలితో బెజ్జం తొలిచి అందులోకి కుసి, అంటే రెండో బద్ద చివరి నాలుక, బిగువుగా దిగేలా చెక్కాలి. మూలమట్టం పెట్టి చూస్తే వెంట్రుకవాసి వంకర కూడా బయటపడుతుంది. లంబకోణం అంటే ఏమిటో నల్లబల్ల మీద ఎంతసేపు చెప్పినా ఇంత గట్టిగా మనసుకెక్కదు. ఇక పచ్చి కర్రతో చేసిన తలుపు ఏడాది తిరిగేసరికి వంగిపోతుందని, కర్ర ఆరేదాకా ఆగాలని ఊరి వడ్రంగి చెప్పే మాట ఏ పాఠ్యపుస్తకం కంటే తక్కువది కాదు. ఆయన్ను బడికి పిలిచి, కూలి ఇచ్చి, గురువుగా కూర్చోబెట్టాలి. (కూలి మాట గట్టిగా అంటున్నాను, గౌరవం పేరుతో ఉచితంగా పని చేయించుకోవడం మనకు బాగా అలవాటు.)

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. 1937 వార్ధా విద్యా సమావేశంలో గాంధీజీ పిల్లల చేతిపనుల రాబడితో ఉపాధ్యాయుల జీతాలు గడవాలని ఆశించినప్పుడే, దానివల్ల బడి కర్మాగారమవుతుందేమోనన్న ఆక్షేపణ వచ్చింది. ఆ భయం అర్థవంతమైనదే. 2016 బాల కార్మిక సవరణ చట్టం ప్రకారం, బడి వేళల తరువాత సొంత కుటుంబానికి సాయపడడం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, పద్దెనిమిది నిండనివారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. కాబట్టి గోడలెత్తడం, పరంజా ఎక్కడం, మోటారు రంపం నడపడం పెద్దలకే వదలాలి. చిన్న తరగతులవారు కొలతలు, గీతలు, ఇసుక కాగితం దాకా చాలు. పై తరగతులవారు చేతి పనిముట్లతో, వడ్రంగి కళ్ళెదుట, విరిగిన బల్లలు బాగుచేయడంతో మొదలుపెట్టాలి. వారు చేసింది సంతకు పోకూడదు. బడికీ, ఉపాధ్యాయుల ఇళ్ళకే ఉపయోగపడాలి.

ఇళ్ళు పూర్తయ్యాక వడ్రంగం గదికి తాళం వేయనక్కరలేదు. వానాకాలం తలుపులు ఉబ్బి బిగుసుకుంటాయి, ద్వారబంధం అడుగున చెదలు పడతాయి, ఏటా కొన్ని బెంచీల కాళ్ళు ఊడతాయి. ఆ మరమ్మతులకు పట్టణం నుంచి మనిషి వచ్చేదాకా ఎదురుచూడకుండా, ప్రతి ఏడూ పై తరగతివారు కింది తరగతివారిని పక్కన కూర్చోబెట్టుకుని చేసుకోవచ్చు. పనిముట్ల పెట్టె, మేకుల డబ్బా, ఎండిన కర్ర కొంత సిద్ధంగా ఉంచడానికి బడి నిధిలో ఒక పద్దు కేటాయించాలని గ్రామ విద్యా సంఘాలు ఈ ఏడాది సమావేశంలోనే అడగవచ్చు.

నమస్కారం.