డాబా మీద వాటర్ ట్యాంకు: స్లాబు మీద పడే బరువెంత?

నమస్కారం. ఇల్లు కట్టాక డాబా మీద ఇంకో వెయ్యి లీటర్ల ట్యాంకు పెడదామనుకుంటున్నారా? నీళ్లే టన్ను బరువు. అది అందరికీ తెలుసు. లెక్క తప్పేది దాని కింద కట్టే దిమ్మెల దగ్గర.

చూడండి. తొమ్మిదంగుళాల గోడలు రెండు, నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు. ప్లాస్టరింగుతో కలిపి దాదాపు మరో టన్ను. పైన ఐదడుగుల చదరం, నాలుగంగుళాల మందం స్లాబు వేస్తే 590 కిలోలు. మొత్తం దాదాపు 2,600 కిలోలు. అంటే నీళ్లకంటే ట్యాంకును మోసే కట్టుబడే ఎక్కువ బరువు!

ఇప్పుడు డాబా సంగతి. మనుషులు తిరిగే డాబాకి ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువులకి భారతీయ ప్రమాణం) రెండో భాగం చెప్పే లైవ్ లోడ్, అంటే మనుషులు, సామాన్ల లాంటి వచ్చిపోయే బరువు, చదరపు మీటరుకు 150 కిలోలు. 12 బై 14 అడుగుల గదికి మొత్తం కలిపి 2,300 చిల్లర కిలోలు. మీరు అంతకన్నా ఎక్కువ తెచ్చి మధ్యలో ఒక్కచోట కూర్చోబెడుతున్నారు. పైగా మనుషులు దిగిపోతారు, ట్యాంకు దిగదు. బరువు ఏళ్ల తరబడి ఉంటే కాంక్రీటు నెమ్మదిగా సాగుతుంది, స్లాబు కిందికి వంగుతుంది, గది సీలింగులో పగుళ్లు కనిపిస్తాయి. వాటికి పుట్టీ పెట్టి రంగేస్తే పగులు దాగుతుందంతే, బరువు తగ్గదు.

మరేం చేయాలి? కింది గదిలోకెళ్లి బీములెక్కడున్నాయో చూసి, బయటి గోడ నుంచి టేపుతో కొలిచి, డాబా మీద సుద్దతో గీయండి. ఎదురెదురు బీముల మీద, పిల్లర్లకి దగ్గరగా, ఆరంగుళాల ఎత్తు కాంక్రీటు దిమ్మెలు పోయండి. వాటి మీద 150 ఎంఎం ఎత్తు ఐ సెక్షన్లు (ఇంగ్లిషు I ఆకారపు ఉక్కు దూలాలు) రెండు. మీటరుకు 15 కిలోలు, 12 అడుగులవి రెండూ కలిపి 110 కిలోలు. వాటి కిందివైపు స్లాబుకి ఎక్కడా తగలకూడదు. తగిలితే బరువు మళ్లీ స్లాబు మీదికే పోతుంది.

పైన నాలుగడుగుల చదరం, మూడంగుళాల ఆర్‌సీసీ పలక, 280 కిలోలు. ప్లాస్టిక్ ట్యాంకు అడుగుభాగం మొత్తం పలకకి ఆనాలి. ఐ సెక్షన్ల మీద నేరుగా పెడితే అడుగు కుంగి చీలుతుంది. నీళ్లతో కలిపి మొత్తం దాదాపు 1,400 కిలోలే. ఎత్తు రెండడుగులు తగ్గింది కాబట్టి పై అంతస్తు షవర్లో ధార కాస్త మెత్తబడుతుంది, అంతే. ఒకటికి మించి ట్యాంకులైతే మాత్రం ఆ బీములను ఇంజనీరుకి చూపించాల్సిందే.

మెట్ల గది పైన పెడదామంటారా? కింది పిల్లర్లు దాని కప్పు దాకా లేచి, పైన బీములుంటే సరే. ఉత్త నాలుగంగుళాల గోడల మీద నిలబడిన కప్పైతే వద్దు. బాల్కనీ, సన్‌షేడ్ మాటే ఎత్తకండి.

కోస్తాలో ఉన్నవాళ్లకి ఇంకొకటి. విశాఖలో కట్టడాల డిజైనుకి లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ గాలి ట్యాంకును వంద కిలోలకు పైగా బలంతో తోస్తుంది. ఖాళీ ట్యాంకు ఆగదు. ఐ సెక్షన్లకి నాలుగు వైపులా పట్టీలతో కట్టండి. తుపాను హెచ్చరిక రాగానే మోటారు వేసి నిండా నింపండి, తర్వాత కరెంటు ఉండకపోవచ్చు.