రిమోట్ ట్రక్కు స్టీరింగ్ చురుగ్గా మారాలంటే ముందు కొనవలసింది సర్వో కాదు

నమస్కారం. నా వెనక కనబడుతున్నది అమలాపురం దగ్గర మా ఊరి పంట కాలువ. ధవళేశ్వరం నుంచి వచ్చే నీళ్ళు ఈ వేళ ఒడ్డు దాకా నిండి ఉన్నాయి. కాలువ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, పోయిన నెల నా ట్రక్కు ఇందులోనే మునిగింది. గట్టు మీద బాణంలా పోతూ ఉండగా ఎదురుగా మేక వచ్చింది. నేను రిమోటు మీద చక్రం తిప్పాను. బండి మాత్రం పెళ్ళివారింట్లో బంతికి పిలిచినప్పుడు పెద్దాయన లేచినట్టు తీరిగ్గా తిరిగింది. అప్పటికే గట్టు అయిపోయింది. నీళ్ళు చొరబడని ఎలక్ట్రానిక్స్ కాబట్టి బండి బతికింది. దాన్ని తీయడానికి కాలువలోకి దిగిన మా మేనల్లుడే ఇప్పుడు కెమెరా పట్టుకున్నాడు.

బండి పదో వంతు స్కేలు షార్ట్ కోర్స్ ట్రక్కు, అంటే మట్టి దారుల రేసు ట్రక్కుకు చిన్న నమూనా. వెనక చక్రాల డ్రైవ్, 7.4 వోల్టుల లిపో బ్యాటరీ. కంపెనీ పేరు అనవసరం, ఈ తరహా బండ్లలో చాలావాటికి స్టీరింగ్ అమరిక ఇంచుమించు ఇలాగే ఉంటుంది. రిమోటు మాట విని స్టీరింగ్ తిప్పే చిన్న మోటారే సర్వో. అది తిరిగితే దాని ఇరుసుకు తొడిగిన చెయ్యి, అంటే హార్న్, ఒక కడ్డీని నెడుతుంది. ఆ కడ్డీ బెల్‌క్రాంక్ అనే ఇరుసు మీద ఆడే మీటను తిప్పుతుంది, బెల్‌క్రాంక్ టై రాడ్లనే రెండు కడ్డీలతో ముందు చక్రాలను తిప్పుతుంది.

నేను మొదట చేసింది అందరూ చేసే పనే. 20 కిలోల మెటల్ గేర్ డిజిటల్ సర్వో కొన్నాను. 20 కిలోలంటే బండి మీద 20 కిలోల బియ్యం బస్తా పెట్టవచ్చని కాదు. ఇరుసు మధ్య నుంచి ఒక సెంటీమీటరు దూరంలో అది లాగగల బరువు అంత. హార్న్ పొడవు రెండు సెంటీమీటర్లయితే చివర దక్కేది 10 కిలోలే. దాని పక్కనే ఇంకో అంకె ఉంటుంది, 60 డిగ్రీలు తిరగడానికి పట్టే సమయం. పాతది 0.17 సెకన్లు, కొత్తది 0.14. డబ్బు కట్టింది ఈ తేడాకే.

మా కళ్ళంలో పది ఎండు కొబ్బరికాయలు ఒకటిన్నర మీటరు ఎడంతో వరుసగా పెట్టి, వాటి మధ్య నుంచి మెలికలు తిప్పుతూ నడిపాం. పాత సర్వోతో 14 సెకన్లు పట్టింది, కొత్తదానితో 13.8. "మామయ్యా, బద్ధకం బండిలో ఎక్కడో ఉంది, సర్వోలో లేదు" అన్నాడు వీడు. ఎనిమిదో తరగతి పిల్లవాడి దగ్గర పాఠం నేర్చుకోవడం కష్టమే కాని, నిజం అదే.

ఇప్పుడు దగ్గరగా చూపించరా. రిమోటు ఆన్‌లో ఉంది, సర్వో బిగబట్టి ఉంది. అయినా ముందు చక్రాన్ని చేత్తో కదిపితే ఆడుతోంది. ఇది మరమ్మతు చేసిన తరువాతి స్థితి, టైరు అంచు దగ్గర రెండు మిల్లీమీటర్లు. అంతకుముందు ఏడు ఉండేది. ఏడు మిల్లీమీటర్ల వదులు పూరించాకే స్టీరింగ్ మొదలయ్యేదన్న మాట.

అందులో ఎక్కువ భాగం బెల్‌క్రాంక్‌లో ఇరుసుకు తొడిగే ప్లాస్టిక్ గొట్టపు ముక్కలది, బుష్‌లంటారు వాటిని. మన గట్ల మీది దుమ్ము వాటిని ఆకురాయిలా అరగదీస్తుంది. వాటి చోట బాల్ బేరింగులు వేశాను. నా బండికి సరిపడింది 5×8×2.5 మిల్లీమీటర్ల సైజు, నాలుగు పట్టాయి. రేకు మూతవి వద్దు, రబ్బరు సీలు ఉన్నవే తీసుకోండి. చవకలో మంచి ఫలితం ఇచ్చిన మార్పు ఇది.

టై రాడ్లు ప్లాస్టిక్‌వి తీసి ఉక్కువి బిగించాను. వీటికి ఒక చివర కుడి మర, రెండో చివర ఎడమ మర ఉంటాయి. విప్పకుండానే రెంచితో తిప్పితే పొడవు మారుతుంది. చక్రాల ముందు అంచులు లోపలికి చూస్తే బండి నిటారుగా పోతుంది, బయటికి చూస్తే మలుపులోకి చప్పున దూకుతుంది. ఒక్కో వైపు ఒక డిగ్రీ బయటికి పెట్టి చూశాను. మలుపు బాగుంది కాని తారు రోడ్డు మీద తిన్నగా పోనంది. అర డిగ్రీకి తగ్గించాను. బేరింగులు, రాడ్లు కలిపి కొబ్బరికాయల పరీక్షలో 12.4 సెకన్లు.

మిగిలిన దోషి సర్వో సేవర్. చక్రం రాయికి తగిలినప్పుడు దెబ్బ సర్వో గేర్లకు చేరకుండా మధ్యలో వంగే స్ప్రింగ్ అది. పాత బలహీన సర్వోకు సరిపోయే మెత్తని స్ప్రింగ్ మీద 20 కిలోలు నెడితే, చక్రం బదులు స్ప్రింగే తిరుగుతుంది. గట్టి స్ప్రింగ్ వేశాక 11.1 సెకన్లు. కొందరు సేవర్ మొత్తం పీకేయమంటారు, వినకండి. కొబ్బరి మొదలుకు ఒక్కసారి గుద్దితే సర్వో పళ్ళు రాలతాయి.

బిగించేటప్పుడు రిమోటూ బండీ ఆన్ చేసి, ట్రిమ్ (చక్రాలను నడిమికి సవరించే మీట) సున్నాలో పెట్టాకే హార్న్ తొడగండి. పూర్తిగా తిప్పినప్పుడు సర్వో తుమ్మెదలా రొద చేస్తే అది గోడను నెడుతోందని అర్థం, రిమోటులో ఆ వైపు పరిమితి తగ్గించండి. లేకపోతే మోటారు కాలుతుంది.

నాకు ఇంకో చిక్కు కూడా వచ్చింది. గట్టిగా వేగం పెంచుతూ పూర్తిగా తిప్పితే బండి క్షణం పాటు స్పృహ తప్పేది. పెద్ద సర్వో ఒక్కసారిగా కరెంటు లాగేసరికి, రిమోటు సంకేతం అందుకునే రిసీవరుకు వోల్టేజి పడిపోతోంది. రిసీవరులో ఖాళీగా ఉన్న చానెల్‌కు 4700 మైక్రోఫారడ్ల, 16 వోల్టుల కెపాసిటర్ తగిలించాను, ఆగిపోవడం తగ్గింది. మోటారు వేగం చూసుకుంటూ రిసీవరుకూ కరెంటు ఇచ్చే స్పీడ్ కంట్రోలరు మీ బండిలో మరీ చిన్నదైతే ఇది చాలదు, సర్వోకు విడిగా బీఈసీ (బ్యాటరీ వోల్టేజిని తగ్గించి అందించే చిన్న పరికరం) పెట్టాలి.

ఇంతా చేసి ఓడలరేవు తీసుకెళ్ళాం, వైనతేయ సముద్రంలో కలిసేచోటికి. పొడి ఇసుకలో నా కష్టం సగం వృథా అయింది. చక్రాలు వెంటనే తిరుగుతున్నాయి, బండి మాత్రం తిన్నగానే పోతోంది. వెనక చక్రాలు తోస్తుంటే తేలికైన ముందు భాగం ఇసుక మీద జారిపోతోంది. అక్కడ కావలసింది చుట్టూ గాడులున్న ముందు టైర్లు, అవి ఇసుకను కోసుకుంటూ పోతాయి. బ్యాటరీని ముందుకు జరిపితే కొంచెం నయమైంది.

ఇంటికి రాగానే బ్యాటరీ తీసేసి, మంచినీళ్ళతో ఉప్పు కడిగి, బేరింగులలో నూనె చుక్క వేశాను. ఒక్క బేరింగు మాత్రం మరచిపోయాను. వారానికే అది తుప్పు పట్టి బిగుసుకుంది. ఇదిగో, దాన్నే కొత్తదానితో మారుస్తున్నాను. ఒరేయ్, ఆ చిన్న రెంచి ఇలా ఇవ్వు.