బీపీకి ఉప్పొక్కటే కారణమా?

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరికైనా బీపీ అని తేలగానే మొదటి వేటు ఆవకాయ జాడీ మీద పడుతుంది. జాడీ అటకెక్కుతుంది, అప్పడాలు ఆగిపోతాయి. మంచిదే. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, మనం అంతకు బాగా ఎక్కువే తింటున్నాం. కాని అదే ఇంట్లో పంచదార దండిగా వేసిన కాఫీ మాత్రం పూటకు రెండుసార్లు నడుస్తూనే ఉంటుంది. అదేమిటంటే, "నాకు షుగర్ లేదు కదండీ, ఉన్నది బీపీయే కదా" అంటారు. బీపీ, షుగర్ వేరువేరు జబ్బులన్న ఈ ధీమా గురించే ఈ రోజు నేను మాట్లాడాలనుకుంటున్నాను.

నేను పనిచేసే ల్యాబ్‌లో ఎలుకలకు బీపీ చూస్తాం. ఎక్కడ చూస్తారండీ అని నవ్వుతూ అడుగుతుంటారు. తోకకు! ఎలుకను దాని ఒళ్లు పట్టేంత గొట్టంలోకి పంపి, తోక మాత్రం బయటికి వదిలి, కాస్త వెచ్చగా ఉంచుతాం. వెచ్చబడితేనే తోకలో నాడి సరిగా దొరుకుతుంది. తోక మొదట్లో చిన్న పట్టీ తొడిగి గాలి నింపితే నాడి ఆగుతుంది, మెల్లగా గాలి వదులుతుంటే మళ్లీ మొదలవుతుంది. మొదలైన చోటి అంకె రాసుకుంటాం. కొత్త ఎలుకను తెచ్చి వెంటనే కొలిస్తే మాత్రం ఆ అంకె దండగ. పాపం, దానికి టెన్షన్. అందుకే ముందు కొన్ని రోజులు ఊరికే గొట్టంలో ఉంచి అలవాటు చేస్తాం. మనుషుల దగ్గర ఈ పాటి ఓపిక కనబడదు. ఆటో దిగి, మెట్లెక్కి, వగరుస్తూ వచ్చినవాడి చేతికి పట్టీ చుట్టేస్తారు. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి చూడాలి. అంతకు అరగంట ముందు నుంచి కాఫీ తాగకూడదు.

ఇక పంచదార సంగతి. 1987లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జెరాల్డ్ రీవెన్ బృందం మామూలు ఎలుకలకు ఫ్రక్టోజ్ ఎక్కువగా ఉన్న మేత పెట్టింది. మనం వాడే పంచదారలో సగం ఫ్రక్టోజే. కొద్ది వారాలకే వాటి పై బీపీ 124 నుంచి 145కు పెరిగింది. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్, ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు కూడా పెరిగాయి. మరుసటి ఏడాది అదే మేత తినే ఎలుకలను పరుగెత్తించి చూస్తే, వాటికి బీపీ అంతగా పెరగలేదు. అంత ఫ్రక్టోజ్ ఏ మనిషీ తినడు, కాబట్టి ఆ అంకెలను మనకు అంటగట్టలేం. జరిగే తీరు మాత్రం అర్థమవుతుంది.

కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేస్తే, దాన్ని తయారుచేసే ప్యాంక్రియాస్ గ్రంథి ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. చక్కెర విషయంలో అవి మొండికేసినా, కిడ్నీ మాత్రం వింటూనే ఉంటుంది. మూత్రంలో పోవాల్సిన సోడియంను, అంటే ఉప్పులో ఉండేదాన్ని, వెనక్కి లాక్కుంటుంది, దాంతో ఒంట్లో నీరూ నిలబడి బీపీ పెరుగుతుంది. అంటే షుగర్ రిపోర్టు ఇంకా చెడకముందే, ఒంట్లో ఇన్సులిన్ పెరిగినవాడికి అదే ఆవకాయ ముక్క ఎక్కువ చేటు చేయగలదు.

మన ఊళ్లోనే డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందితో చేసిన పరిశోధన 2006లో వెలువడింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో 26.4 శాతం. రెండూ కలిపినా 28.2 దగ్గరే ఆగింది. పానగల్ పార్కులో పొద్దున్నే చుట్లు కొట్టి, గేటు దాటగానే పొంగల్, వడ, కాఫీ కానిచ్చే మిత్రులకు ఈ లెక్క చాలాసార్లు చెప్పాను. నవ్వి ఊరుకున్నారు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ నడిపిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి బీపీ, 11.4 శాతం మందికి షుగర్. పొట్ట ఊబకాయం మాత్రం 39.5 శాతం! నాకు భయం వేసేది ఈ చివరి అంకెను చూసే. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ముందుకొచ్చిన మనిషిని మనవాళ్లు లావు కింద లెక్కవేయరు.

బీపీ మాత్రలు వాడేవాళ్లు సొంతంగా వాటిని ఆపకండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ కూడా చూడమని అడగండి. నడుము ఇంట్లోనే కొలుచుకోవచ్చు. ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య, టేపు ఒంటికి ఆనేలా పెట్టి చూడాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. చీర కుచ్చిళ్ల మీంచి కొలవకండి. బట్టల కొట్టువాడు చెప్పే ప్యాంటు సైజును అసలే నమ్మకండి, మనవాళ్లు ప్యాంటు కట్టేది పొట్ట కింద. నమస్కారం.