ఇంగ్లండ్‌లో నేలకి తూము ఉండదు: వాషింగ్ మెషీన్ మొరాయించిన రోజు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ వీడియో మా పెద్దమ్మ పోరు పడలేక తీస్తున్నా. "బట్టలు ఎక్కడ ఉతుకుతావే అక్కడ?" అని ఫోన్ చేసినప్పుడల్లా అదే ప్రశ్న. ఇదిగో చూడు పెద్దమ్మా, ఇది స్టవ్వు, ఇది సింకు, గట్టు కింద వాషింగ్ మెషీన్. స్నానాల టబ్బుకి దగ్గర్లో ఇక్కడ మామూలు ప్లగ్ పాయింటు పెట్టనివ్వరు. అందుకే చాలా ఇళ్లలో మెషీన్ వంటింట్లోనే. పులుసు కాగే చోట సాక్సులేంటని నాకూ మొదట్లో మహా ఎబ్బెట్టుగా ఉండేది.

పొద్దున దుప్పట్లు వేశాను. నీళ్లు వదలకుండా మధ్యలో ఆగిపోయింది. తలుపు రాదు, లోపల దుప్పట్లు తేలుతున్నాయి. తెనాలిలో అయితే వీధి చివర మెకానిక్ సాయంత్రానికల్లా వచ్చేవాడు. ఇక్కడ మనిషి గుమ్మంలోకి వస్తేనే 80 పౌండ్లు, మన డబ్బుల్లో తొమ్మిది వేల పైమాటే. రిపేరు మళ్లీ వేరే! ఆ డబ్బుకి ఊళ్లో పాత మెషీనే వచ్చేస్తుంది కదండీ.

సరే, నీళ్లు పోకపోతే ముందు వెనక పైపు మడత పడిందేమో చూడాలి. మాది బాగానే ఉంది. అంటే ఫిల్టర్‌లోనే ఏదో అడ్డుపడి ఉండాలి. స్విచ్చాపి, లోపలి నీళ్లు చల్లారాక, కింద మూలన ఉన్న చిన్న మూత తీయాలి, ఫిల్టర్ దాని వెనకే. పక్కనే సన్నటి గొట్టం ఉంటుంది, ముందు దాంట్లోంచి నీళ్లు వదలాలి. ఒక్కసారిగా ఫిల్టర్ తిప్పేశారో, వంటిల్లంతా చెరువే.

నాకు ఈ దేశంలో ఇప్పటికీ మింగుడుపడనిది ఇదేనండీ. నేలకి తూము ఉండదు! వంటింట్లో సరే, మా స్నానాలగదిలో కూడా లేదు. మనకైతే బకెట్టు ఒలికినా చీపురుతో తూము వైపు నెట్టేస్తాం, గది కడిగినట్టూ అవుతుంది. ఇక్కడ నీళ్లు ఒలికితే ఫ్లోరింగ్ ఉబ్బుతుంది, కింది ఫ్లాటు వాళ్ల సీలింగ్ మీద మరక పడుతుంది, ఆపైన ఇంటి ఓనరుతో ఈమెయిళ్లు. అందుకని బేకింగ్ ట్రేలోకి కాసిన్ని పట్టడం, సింకులో పారబోయడం, మళ్లీ పట్టడం. నడుం పడిపోయింది.

ఫిల్టర్‌లో ఏముందో చూడండి. బొచ్చు, 20 పెన్నీల బిళ్ల, ఇదిగో పిన్నీసు. ఈ ఇంట్లో చీర కట్టింది అమ్మ ఒక్కతే, మొన్న జూన్‌లో వచ్చినప్పుడు. తుప్పు కూడా పట్టలేదు... ఆఁ, బిళ్ల మాత్రం నాదే, ఇరవై రూపాయల పైనే!

అన్నట్టు, మెషీన్‌లో అసలు లైటే వెలగకపోతే గాభరా పడకండి. ఇక్కడ ప్లగ్గులోపలే 13 ఆంప్స్ ఫ్యూజు ఉంటుంది, ముందు అది మార్చి చూడండి. వాసనొస్తే తలుపు దగ్గర రబ్బరు మడత తుడవండి, అప్పుడప్పుడు 60 డిగ్రీల మీద ఖాళీగా తిప్పండి. మా ఊరు రెడింగ్‌లో సుద్దరాయి నేల, నీళ్లలో సున్నం బాగా ఎక్కువ. కెటిల్‌లో తెల్ల పెంకు కట్టినట్టే మెషీన్ హీటరుకీ కడుతుంది, ఆ పెంకు కరిగించే డీస్కేలర్ వెయ్యాల్సిందే.

దుప్పట్లు మళ్లీ వేశా, ఒక్కొక్కటే. రెండూ కలిపితే ఒక పక్కకి ముద్దయి స్పిన్ ఎత్తుకోదు. రెండున్నర గంటలు అని చూపిస్తోంది. అంతసేపు ఏం తీస్తానండీ, కెమెరా ఆపేస్తున్నా.